రేపు మాస్టారి రెండో శనివారం

మా వీధి టైలరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. దాన్ని నేను కోర్టు కాగితాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. అక్కడ కూడా మొదటిసారి ఇంకెవరిదో కాగితం అనుకుని పేజీ తిప్పేశాను. వీధి మొత్తానికి ఆయన రేపు మాస్టారు. చొక్కా ఎప్పుడిస్తారని ఎవరడిగినా, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకునే "రేపు" అనేవాడు. ఆ మాటకు నోరు పూర్తిగా తెరవనక్కర్లేదు, సూదులు జారవు.

మాస్టారి భాషలో రేపు అంటే గుడ్డ మీద ఇంకా కత్తెర పడలేదని అర్థం. ఎల్లుండి అంటే గుడ్డ ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాలని అర్థం. వచ్చే వారం అంటే మాత్రం మీరు వేరే గుడ్డ కొనుక్కోవడం మంచిది. ఒకాయన పెళ్లికని కోటు కుట్టమని ఇస్తే, అది చేతికొచ్చేసరికి కొడుకు పెళ్లికి సరిపోయిందని మా పేటలో ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. దానికి ఆధారం ఏమీ లేదు, అయినా ఇప్పటికీ చలామణీలో ఉంది.

అలాగని మాస్టారు అబద్ధాలకోరు కాదు. మనిషిని ఒట్టి చేతులతో వెనక్కి పంపడం ఆయన వల్ల కాదు. అందుకని చేతిలో ఒక రేపు పెట్టి పంపేవాడు. జనం కూడా తిట్టుకుంటూనే తీసుకువెళ్లేవాళ్లు, ఎందుకంటే కుట్టు అంత బాగుండేది. భుజం దగ్గర ముడత లేకుండా చెయ్యి అతికించగలవాడు మా చుట్టుపక్కల ఆయనొక్కడే.

నేను ఎదురింటి మేడ మీద ఉంటాను. ఆయన పన్నెండో ఏట సూది పట్టుకుంటే నేను అదే వయసులో కాన్వెంటులో పెన్ను పట్టుకున్నాను. సిస్టర్లు నా వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టి కొట్టి ఏటవాలు దస్తూరి నేర్పారు. ఆ చదువు నాకు ఉద్యోగంలో ఏమంత పనికిరాలేదు గానీ, వీధిలో వాళ్లందరికీ పనికొచ్చింది. కుళాయి కనెక్షన్ నుంచి పింఛను దాకా దరఖాస్తులన్నీ నేనే రాసేవాణ్ణి. ఆ దస్తూరిలో ఏం రాసినా నిజంలాగే కనిపిస్తుంది. మాస్టారు నన్ను "కాన్వెంటూ" అని పిలుస్తాడు. వెక్కిరింపుగా మొదలుపెట్టి, అలవాటై, చివరికి అదే నా పేరు అయిపోయింది.

మాస్టారి భార్య చాలా ఏళ్ల కిందటే పోయింది. కింద షాపు, పైన రెండు గదులు. పై గదుల్లో మాస్టారు, కొడుకు, కోడలు, మనవరాలు. కొడుకుది లిఫ్టులు బాగుచేసే పని. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మనవరాలు పగలంతా కింద కటింగ్ బల్ల కింద, కత్తిరించి పడేసిన గుడ్డముక్కల గుట్టలో ఉండేది. దాని ముద్దుపేరు గుండీ. రెండేళ్లప్పుడు చొక్కా గుండీ ఒకటి మింగేసింది. మూడోనాడు గుండీ క్షేమంగా బయటికొచ్చింది. మాస్టారు దాన్ని కడిగి, వేణ్ణీళ్లలో వేసి, నా చొక్కాకే కుట్టేశాడని నేనంటాను. కాదని ఆయనంటాడు. కానీ ఏ చొక్కాకు కుట్టాడో మాత్రం ఇప్పటికీ చెప్పడు.

గుండీకి అయిదేళ్లప్పుడు వాళ్ల నాన్నకు జ్వరం వచ్చింది. తనే నడిచి ఆసుపత్రికి వెళ్లాడు. నాలుగో రోజున పోయాడు.

ఆ తర్వాత రెండు నెలలకు కోడలు పిల్లను తీసుకుని అన్నగారి ఫ్లాటుకు వెళ్లింది. గొడవేమీ లేదు. ల్యాబు అక్కడికి దగ్గర, పిల్లను చూసుకోవడానికి వదిన ఉంటుంది. మాస్టారే సామాను ఆటోలో పెట్టించాడు. గుండీ బట్టలు మడిచి, విడిగా గుడ్డసంచీలో సర్ది, సంచీ మూతి కూడా కుట్టేశాడు. "ఊడిపోకుండా" అన్నాడు. కోడలు ఆ కుట్టు విప్పుకోవడానికి బ్లేడు వెతుక్కుని ఉంటుంది.

మూడు ఆదివారాలు మాస్టారు రెండు బస్సులు మారి వెళ్లొచ్చాడు. మూడో అంతస్తు. లిఫ్టు పాడై ఉంది, మెట్లెక్కి వెళ్లేవాడు. నాలుగో ఆదివారం కోడలే తలుపు తీసి బయటికొచ్చింది. తలుపు వెనక్కి లాగి, మెట్ల దగ్గర నిలబడే మాట్లాడింది.

"మామయ్యా, కొన్నాళ్లు రావద్దు. కొన్నాళ్లు ఆగండి. నేనే కబురు పెడతాను."

"ఎన్నాళ్లమ్మా?"

"కొన్నాళ్లు" అంది.

మాస్టారు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి తన షాపు తలుపుకేసి చూస్తూ చెప్పాడు.

"కొన్నాళ్లు ఆగమంది."

"ఆగు మరి. మంచిదేగా" అన్నాను.

"నాకు చెప్తావేంట్రా కాన్వెంటూ. నలభై ఏళ్లుగా ఆ మాట మీద బతుకుతున్నవాణ్ణి. చెయ్యబోయేవాడు ఫలానా వారం అంటాడు. చెయ్యనివాడు కొన్నాళ్లంటాడు."

"అందరూ నీలాంటివాళ్లేనా?"

"నాలాంటివాళ్లు కాకపోతే ఎన్నాళ్లని అడిగినప్పుడు చెప్పేది కదా."

అప్పటికి తలూపాను. ఇప్పుడు ఆలోచిస్తే వంద జవాబులున్నాయి.

నెల గడిచింది. కబురు రాలేదు. మాస్టారు రెండుసార్లు గుండీ బడి దగ్గరికి వెళ్లాడు, సాయంత్రం గంట కొట్టే వేళకు. మొదటిసారి రోడ్డుకు ఇవతల నుంచి చూశాడు. పిల్ల వ్యానెక్కేసింది. రెండోసారి పిల్ల ఆ రోజు బడికే రాలేదు. అంతే, రెండే సార్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత దీన్ని నేను పాడుచేశాను.

కోర్టుకు వెళ్దామన్నది నేను. మాస్టారికి తెలిసిన లాయరు ఒకాయన ఉన్నాడు. ఆయన నల్లకోటు మాస్టారే కుట్టాడు, మూడు నెలలు తిప్పించుకుని. మమ్మల్ని చూడగానే ఆయన నవ్వాడు.

"రండి మాస్టారూ. మీ రేపుకూ మా కోర్టు వాయిదాకూ దగ్గరి చుట్టరికం. ఇన్నాళ్లకు మీకూ రుచి చూపించే అవకాశం వచ్చింది."

విషయం విన్నాక నవ్వడం మానేశాడు. "ఒక మాట ముందే చెప్తున్నాను. మనవరాలిని చూడటం తాత హక్కు అని చట్టంలో విడిగా ఎక్కడా రాసి లేదు. హక్కు పిల్లది. తాతను కలవడం పిల్లకు మంచిదని జడ్జిగారికి అనిపించాలి. అప్పుడు ఇస్తారు."

"అయితే పిల్లనే అడగొచ్చు కదండీ" అన్నాడు మాస్టారు.

"ఆరేళ్లు నిండని పిల్లను ఏమడుగుతారు? జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి తీసుకురండి. నేను దాన్నిబట్టి తయారుచేస్తాను."

రాయడం అనగానే మాస్టారు నావైపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో కూర్చుని రాశాను. రాసింది రాసినట్టు చదివి వినిపిస్తుంటే మాస్టారు మిషను తొక్కుతూ వింటున్నాడు. ఒక వాక్యం దగ్గర పెడలు ఆగిపోయింది. ఆ వాక్యం ఇది: ఎండనక వాననక ప్రతిరోజూ బడి గేటు ఎదుట నిలబడి, మనవరాలి ముఖం ఒక్కసారి కనిపిస్తే చాలునని గంటలకొద్దీ ఎదురుచూస్తున్నాను.

"రెండుసార్లే వెళ్లాను కదరా."

"తెలుసు."

"ఒకసారి కనిపించనే లేదు."

"తెలుసురా బాబూ. రెండుసార్లు వెళ్లాడంటే ఎవరికి కన్నీళ్లొస్తాయి?"

"జడ్జిగారికి కన్నీళ్లు రావాలా?"

"రావాలి. లేకపోతే నువ్వూ నేనూ ఇక్కడ కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవాలి. చొక్కా కుట్టేటప్పుడు ఒంటి కొలతకు రెండంగుళాలు కలిపి కత్తిరిస్తావా లేదా? ఇదీ అంతే. ఇది కాస్త వదులు."

వదులు అనేసరికి ఆయనకు సబబుగా తోచింది కాబోలు, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. లాయరు నా వాక్యాన్ని కామా కూడా మార్చకుండా ఎత్తి ప్రమాణపత్రంలో పెట్టుకున్నాడు. బాగా రాశారని మెచ్చుకున్నాడు కూడా. మాస్టారు సంతకం పెట్టాడు. ఆ రోజు నా దస్తూరి మీద నాకే ముచ్చటేసింది.

వాయిదాల సంగతి లాయరు చెప్పినట్టే జరిగింది. ఎనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు వెళ్లాం. తొమ్మిదోసారి కేసు పిలిచారు. జడ్జిగారు పెద్దావిడ. నేను రాసిన పేజీ చదువుతూ కళ్లజోడు తీసింది. పనయిందని నేను మురిసిపోయాను. ఆవిడ అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

కోడలి తరఫున వచ్చింది చిన్న వయసు లాయరమ్మ. గొంతు పెంచకుండా మాట్లాడింది. "వీరే రాసుకున్నారండీ. రోజూ బడి గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడుతున్నానని. తల్లి ఆగమని చెప్పిన తర్వాత, తల్లికి తెలియకుండా. తండ్రి పోయి ఏడాదే అయిన పిల్లను ఒక పెద్దమనిషి రోజూ వెంటాడుతున్నాడంటే, ఆ తల్లికి భయం ఉండదా?"

నా వాక్యాన్ని ఆవిడ నాకంటే స్పష్టంగా చదివింది.

జడ్జిగారు మాస్టారిని అడిగింది. "రోజూ వెళ్లారా?"

మాస్టారు వెనక బెంచీలో ఉన్న నావైపు ఒక్కసారి తిరిగి చూశాడు. కాదంటే ప్రమాణపత్రంలో అబద్ధం రాసినట్టు. అవునంటే ఈ లాయరమ్మ చెప్పింది నిజమైనట్టు. రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"సంతకం నాదేనండి" అన్నాడు.

 నేను లేచి నిలబడి, అది నా కల్పన అండీ అని చెప్పి ఉండొచ్చు. మోకాళ్ల దాకా వచ్చింది ఆ ఆలోచన. అక్కడే ఆగిపోయింది.

ముందు కూర్చుని మాట్లాడుకోమని జడ్జిగారు మమ్మల్ని కౌన్సెలింగ్ గదికి పంపింది. గుండ్రటి బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మూలన ఫైళ్ల బీరువా. కౌన్సెలరు నన్ను కూడా కూర్చోనిచ్చింది. నన్ను ఇంటి పెద్దనుకుంది. కోడలు లోపలికి వస్తూనే "బాగున్నారా బాబాయిగారూ" అని నన్ను పలకరించింది. ఆ పిల్ల మర్యాద ఎప్పుడూ తప్పలేదు.

"నేను అసలు రావద్దన్నానా మామయ్యా? కొన్నాళ్లు ఆగమన్నాను" అంది.

"అవునమ్మా."

"ఎందుకో అడిగారా?"

మాస్టారు బల్ల అంచు మీద వేలు పెట్టి, కొలత తీస్తున్నట్టు జరుపుతున్నాడు.

"నాన్నెప్పుడొస్తాడని అది మిమ్మల్ని అడిగింది. మీరేమన్నారు?"

ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా ఆ గదిలో కౌన్సెలరుకు తప్ప అందరికీ తెలుసు.

"రేపన్నారు. మూడు ఆదివారాలు అడిగింది. మూడుసార్లూ రేపే అన్నారు. మీరు బస్సెక్కి వెళ్లిపోయేవారు. ఆ రేపుతో నేను ఉండేదాన్ని. బడి నుంచి వచ్చి బూట్లు విప్పేది కాదు. లిఫ్టు ముందు కూర్చునేది. లిఫ్టు పాడైంది కదమ్మా, బాగుచేయడానికి నాన్నే వస్తాడు అనేది. అన్నం కూడా అక్కడికే తీసుకెళ్లి పెట్టేదాన్ని."

కౌన్సెలరు రాసుకోవడం ఆపింది.

"ఒకరోజు లిఫ్టు బాగుచేసేవాళ్లు వచ్చారు. ఇద్దరు. బాగుచేసుకుని వెళ్లిపోయారు. వాళ్లలో దాని నాన్న లేడు. ఆ సాయంత్రం నేనే చెప్పాను దానికి, ఇక రాడని. తాతయ్య రేపన్నాడుగా అంది. తాతయ్యకు తెలియదులే అన్నాను. అది మిమ్మల్ని కోపంగా చూడకూడదని కొన్నాళ్లు ఆగమన్నాను. అది కాస్త మర్చిపోయాక, సెలవుల్లో నేనే తీసుకొద్దామనుకున్నాను. ఈలోపు నోటీసొచ్చింది. ల్యాబుకు. ఒకాయన చేతికి సూది గుచ్చి నెత్తురు తీస్తుంటే, పక్కన నిలబడి సంతకం పెట్టమన్నారు."

బల్ల అంచు మీద వేలు ఆగింది. తర్వాత మాస్టారు చాలా మెల్లగా అన్నాడు. "అది అడిగిందమ్మా. ఏదో ఒకటి చెప్పాలి కదా. రాడని నా నోటితో..."

"నా నోటితో నేను చెప్పాను కదా మామయ్యా."

కౌన్సెలరు గొంతు సవరించుకుంది. కేసు వెనక్కి తీసుకుంటే మీలో మీరే సర్దుకోవచ్చు కదా అని అడిగింది. మాస్టారు వెంటనే తలూపాడు. కోడలు ఊపలేదు.

"నోటిమాట మీద నాకిప్పుడు నమ్మకం లేదండి. మామయ్యకూ లేదు, ఉంటే ఇక్కడిదాకా వచ్చేవారు కాదు. ఏ రోజో, ఎన్ని గంటలో, ఎక్కడో కాగితం మీద రాసివ్వమనండి. రాసినట్టే చేస్తాను. నేను తప్పను."

ఉత్తర్వు వచ్చింది. ప్రతి నెలా రెండో శనివారం, పది నుంచి పన్నెండు దాకా, కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో, అక్కడి ఉద్యోగి సమక్షంలో. చివర్న ఒక షరతు: పిటిషనరు ఈ వేళల్లో తప్ప, బడి దగ్గర గానీ మరెక్కడైనా గానీ, పిల్లను కలిసే ప్రయత్నం చేయరాదు. గెలిచామని లాయరు చెయ్యి కలిపాడు. నేను ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. దానికి తల్లి నా వాక్యమే. పోలికలు చూస్తేనే తెలిసిపోతుంది.

బస్టాపులో మాస్టారికి చెప్పబోయాను. "ఒరే, అది నావల్ల..."

"బస్సొచ్చింది, ఎక్కు" అన్నాడు.

పిల్లల గది కింద అంతస్తులో ఉంది. ఒక చెవి విరిగిన ప్లాస్టిక్ గుర్రం, సగం ముక్కలు లేని బొమ్మల అట్టపెట్టె, గోడగడియారం, రిజిస్టరు పట్టుకుని కూర్చునే ఒకావిడ. గుమ్మం దాటి నన్ను రానివ్వరు. నేను వరండాలో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. కోడలు తొమ్మిదీ యాభై అయిదుకు పిల్లను తెచ్చేది, సరిగ్గా పన్నెండుకు తీసుకెళ్లేది. మధ్యలో ఎదుటి బెంచీలో కూర్చుని ఏదో కుట్టుపని పెట్టుకునేది. కుట్టు బాగా వచ్చు ఆ అమ్మాయికి, మాస్టారి దగ్గరే నేర్చుకుంది. మేమిద్దరం ఎండ గురించీ, బస్సుల గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఆ రెండు గంటల్లో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది: అమ్మా, ఆయన రోజూ రాలేదు, రెండుసార్లే వచ్చాడు, మిగతాది నేను అల్లినది అని. ఊరందరికీ లేనివి చెప్పి నవ్వించిన నోటికి, ఉన్నది ఒక్కటి చెప్పడం చేతకాలేదు.

మొదటి రెండు నెలలూ గుండీ తాతతో మాట్లాడలేదట. గుర్రం మీద కూర్చుని తాతను చూసేదట. మూడో నెల దగ్గరికొచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. మాస్టారు జేబులోంచి చిన్న క్యాలెండరు తీసి, తేదీ చూపించి, వారం చెప్పి, గంట చెప్పాడు. బయటికొచ్చి నాకు అదంతా వర్ణించి చెబుతుంటే చూశాను. మనిషి నుదురంతా చెమట.

ఆ తర్వాత షాపులో కూడా మార్పొచ్చింది. రేపు మానేశాడు. "బుధవారం సాయంత్రం అయిదింటికి" అనేవాడు, బుధవారం నాలుగున్నరకే ఇస్త్రీ చేసి పెట్టేవాడు. వీధి బెంబేలెత్తిపోయింది. ఇచ్చిన గుడ్డ చెప్పిన రోజుకే చొక్కా అయి వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోండని నలుగురు నా దగ్గరికే వచ్చారు. పేరు మాత్రం మారలేదు. టైమంటే టైముకు ఇచ్చే మనిషిని రేపు మాస్టారు అని పిలుస్తుంటే, కొత్తగా పేటకు వచ్చినవాళ్లకు అర్థమయ్యేది కాదు.

అలా రెండేళ్లు. గుండీకి ఎనిమిది దాటాయి. తాత ఒడి మీద కూర్చునేంత చిన్నది కాదు, అయినా కూర్చునేదట. కోడలు కూడా కాస్త మెత్తబడింది. ఒకసారి నాతో, "మామయ్య చిక్కిపోయారు బాబాయిగారూ, సరిగ్గా తింటున్నారా" అంది. ఒకసారి పన్నెండు దాటి పది నిమిషాలైనా లేవలేదు, రిజిస్టరు ఆవిడ బయటికొచ్చి గుర్తుచేసేదాకా. నేను మాస్టారికి ఆ సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. నేను చెప్పినవి నమ్మకపోవడం ఆయనకు కోర్టు నేర్పింది.

ఒక మంగళవారం ఇద్దరం పెద్దబజారుకు వెళ్లాం, లైనింగ్ గుడ్డా దారాలూ కొనడానికి. కొని బయటికొచ్చి రోడ్డు దాటబోతున్నాం. ఎదుటివైపు చెప్పుల షాపులోంచి కోడలు, గుండీ బయటికొచ్చారు. పిల్ల చేతిలో కొత్త బూట్ల అట్టపెట్టె. ముందు పిల్లే చూసింది. పెట్టె చంకలోకి మార్చి, చెయ్యెత్తింది.

నేను పక్కకు తిరిగేసరికి మాస్టారు పక్కన లేడు. వెనక గోడ దగ్గరికి పోయి, గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. అక్కడ టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పుతామన్న కాగితం ఒకటి అంటించి ఉంది. దాన్ని చదువుతున్నాడు.

"ఒరేయ్, అదుగో గుండీ."

"చూశాను."

"మరి అటు తిరిగావేంట్రా?"

"ఇవాళ మంగళవారం."

"అయితే?"

"బడి దగ్గర గానీ మరెక్కడైనా గానీ. నీకు తెలియదా?"

"ఇంత బజార్లో ఎవడు చూస్తాడురా?"

"చూసినా చూడకపోయినా మళ్లీ ఏదో ఒక కాయితంలో ఎక్కుతుంది. నాకున్నవి రెండు గంటలు. అవి కూడా పోతే?"

నేను అటు చూశాను. కోడలు ఆగింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ అంచున నిలబడి మా వైపే చూస్తోంది. విసుగ్గా కాదు. రమ్మంటే వచ్చేలా ఉంది, వెళ్తే మాట్లాడేలా ఉంది.

"కోడలు ఆగిందిరా. ఇటే చూస్తోంది. తిరుగు" అన్నాను.

"మళ్లీ మొదలెట్టకు కాన్వెంటూ."

"నిజంగా ఆగింది."

"నువ్వు నిజంగా అన్నప్పుడే నాకు భయం."

ఆయన తిరగలేదు. నేనైనా చెయ్యి ఊపొచ్చు. రమ్మని పిలవొచ్చు. రోడ్డు దాటి వెళ్లి, ఆ అమ్మాయికి అప్పుడైనా అసలు సంగతి చెప్పొచ్చు. ఆవిడ మాస్టారి వీపు చూసింది. తర్వాత నా ముఖం చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. చూపు తిప్పుకున్నది మాత్రం నేనే. కోడలు కాసేపు నిలబడి, పిల్ల చెయ్యి దించి, నడుచుకుంటూ వెళ్లిపోయింది. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగింది.

"వెళ్లారా?" అన్నాడు మాస్టారు గోడతో.

"వెళ్లారు."

అప్పుడు తిరిగి, కిందపెట్టిన దారాల సంచీ తీసుకున్నాడు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. అందులో అంత బరువేమీ లేదు.

తర్వాతి రెండో శనివారం కోడలు తెచ్చినట్టే పిల్లను తెచ్చింది. నన్ను పలకరించింది గానీ బెంచీలో కూర్చోలేదు. పనుందని బయటికెళ్లి పన్నెండుకు వచ్చింది. పిల్లను తీసుకుని వెళ్లిపోయాక, కోర్టు మెట్ల మీద మాస్టారు చెప్పాడు.

"మొన్న గోడ మీద ఏం చదువుతున్నావు తాతా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఏదో ఒకటి చెప్పబోయాను. నోట్లోదాకా వచ్చింది, నీ చెలిమి మహిమ. మింగేసి, ఏమీ చదవలేదమ్మా అన్నాను. శనివారం కాని రోజు నిన్ను చూడకూడదని కాయితంలో రాసుందన్నాను."

"ఏమంది?"

"ఎవరు రాశారంది."

కింద రోడ్డు మీద కోడలు పిల్లను ఆటో ఎక్కిస్తోంది. మాస్టారు అటు చూడకుండా మెట్లకేసి చూస్తున్నాడు. పన్నెండు దాటింది కదా.

"జడ్జిగారు రాశారన్నాను. నీ పేరు చెప్పలేదులే."

నేను ఒక మెట్టు దిగి ఆగాను. "ఆ షరతు తీసెయ్యమని ఇంకో దరఖాస్తు పెడదాంరా. నేను రాస్తాను. రెండుసార్లే వెళ్లావని, మిగతాది నేనే కలిపానని, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. సంతకం కూడా నేనే పెడతాను."

"వద్దు" అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వు రాయకు."

మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్నాడు. బస్టాపు దాకా ఆ చెయ్యి తీయలేదు.